లంచ్ బ్యాగులో ఇన్సులిన్ పెన్: రీకాంబినెంట్ డీఎన్ఏ పాఠం మనింటి దాకా



గత నెల లంచ్ బ్రేక్‌లో జరిగిన ఒక విషయంతో మొదలుపెడతాను. ఆ బాబు అమ్మానాన్నల అనుమతితోనే రాస్తున్నాను. పేరు, తరగతి మాత్రం రాయడం లేదు.

మా విద్యార్థి ఒకరికి టైప్-1 డయాబెటిస్ ఉంది. అన్నం తినే ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ రోజు పెన్ చేతిలో పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "మేడమ్, ఇది పందిలోంచి తీస్తారంట కదా? మా నానమ్మ వద్దంటోంది. బ్యాక్టీరియాలో చేస్తారని యూట్యూబ్‌లో కూడా చూపించారు. వేసుకుంటే నా జీన్స్ మారిపోతాయా?" అని అడిగాడు. అదే వారం ఇంకో పేరెంట్ ఫోన్ చేసి, తమ అబ్బాయిని అతని పక్కన కూర్చోబెట్టొద్దని కోరారు. అంటుకుంటుందేమోనని వాళ్ల భయం.

ఇద్దరిలో ఎవరి మీదా నాకు కోపం రాలేదు. తెలియని దాని గురించి భయపడటం సహజమే. కానీ ఆ భయంతో బాబు ఒక్క పూట ఇన్సులిన్ మానేసినా ప్రమాదమే. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, అతని ప్రశ్నకు పూర్తి జవాబు ఇంటర్ రెండో సంవత్సరం బోటనీలోనూ, సీబీఎస్ఈ పన్నెండో తరగతి బయాలజీలోనూ బయోటెక్నాలజీ పాఠంలో ఉంది. పిల్లలు దాన్ని నీట్ కోసం బట్టీ పడుతున్నారు. అది తమ ఇంటి ఫ్రిజ్ గురించే అని మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ నెల ఆ పాఠాన్ని మీ ముందు పెడుతున్నాను. సైన్స్ చదవని వాళ్లకు కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

జీనోమ్, జీన్, ప్రొటీన్: మూడూ ఒకటి కాదు

మీ ఇంట్లో అమ్మమ్మ చేతిరాతతో ఒక వంటల నోటుబుక్ ఉందనుకోండి. ఆవకాయ నుంచి అరిసెల దాకా అన్నీ అందులో ఉన్నాయి. ఆ మొత్తం పుస్తకం జీనోమ్. అందులో ఆవకాయ కొలతలు రాసిన ఒక్క పేజీ జీన్, అంటే జన్యువు. ఆ కొలతల ప్రకారం తయారై జాడీలోకి వచ్చిన ఆవకాయ ప్రొటీన్. పేజీ నాకితే కారం తగలదు కదా! అలాగే శరీరంలో ఎక్కువ పనులు చేసేది ప్రొటీన్. జన్యువులో ఉండేది దాన్ని తయారుచేసే పద్ధతి.

ఈ పుస్తకాన్ని రాయడానికి ప్రకృతి వాడిన అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. ఇవి డీఎన్ఏ అనే రెండు పేటల దారం మీద జంటలుగా ఉంటాయి. ఏ ఎదురుగా ఎప్పుడూ టీ, జీ ఎదురుగా ఎప్పుడూ సీ. ఈ మెలితిరిగిన నిచ్చెన ఆకారాన్ని 1953లో వాట్సన్, క్రిక్ వివరించారు. దానికి కీలకమైన ఆధారం రోసలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్-రే చిత్రాల నుంచి వచ్చింది.

మనిషి జీనోమ్‌లో ఇలాంటి అక్షరాల జంటలు సుమారు 300 కోట్లు. సెకనుకు ఒక అక్షరం చొప్పున, నిద్ర కూడా పోకుండా చదివితే 95 ఏళ్లు పడుతుంది. ఇంత పెద్ద పుస్తకంలో ప్రొటీన్ల తయారీ చెప్పే జన్యువులు దాదాపు 20 వేలు మాత్రమే. 1990లో మొదలైన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్ట్ ఈ పుస్తకంలో అత్యధిక భాగాన్ని 2003 నాటికి చదివేసింది. మిగిలిపోయిన ఖాళీలను 2022లో పూరించారు. ఇలా మొత్తం పుస్తకాన్ని చదివి, ఏ పేజీ ఎక్కడుంది, దేనికి పనికొస్తుంది అని తెలుసుకునే శాస్త్రమే జీనోమిక్స్. ఇన్సులిన్ పేజీ మన 11వ క్రోమోజోమ్ మీద ఉంది.

చదవడం ఒక పని. ఒక పేజీని కాపీ చేసి ఇంకో పుస్తకంలో అతికించడం వేరే పని. ఆ రెండో పనే రీకాంబినెంట్ డీఎన్ఏ టెక్నాలజీ. పిల్లలు ఈ రెంటినీ తరచూ కలిపేస్తుంటారు.

నానమ్మ చెప్పింది పూర్తిగా తప్పు కాదు

ఇన్సులిన్ ఒక చిన్న ప్రొటీన్. అన్నంలోంచి వచ్చిన చక్కెర రక్తంలో నుంచి కణాల్లోకి వెళ్లాలంటే ఇది కావాలి. టైప్-1 డయాబెటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత క్లోమంలోని బీటా కణాలనే నాశనం చేస్తుంది. దాంతో ఇన్సులిన్ తయారీ ఆగిపోతుంది. స్వీట్లు ఎక్కువ తినడం వల్ల ఇది రాదు. పక్కన కూర్చుంటేనో, టిఫిన్ పంచుకుంటేనో అసలే రాదు.

1922కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ జంతువుల క్లోమం నుంచి ఇన్సులిన్ సారాన్ని వేరుచేశారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇచ్చారు. తొలి ఇంజెక్షన్‌లో మలినాల వల్ల ఇబ్బంది వచ్చింది. బయోకెమిస్ట్ కాలిప్ దాన్ని ఇంకా శుద్ధి చేశాక, రెండు వారాల లోపే మళ్లీ ఇచ్చారు. ఈసారి పనిచేసింది. ఆ అబ్బాయి మరో 13 ఏళ్లు బతికాడు.

అప్పటి నుంచి సుమారు 60 ఏళ్లు ప్రపంచం వాడిన ఇన్సులిన్ పందులు, పశువుల నుంచే వచ్చింది. కాబట్టి నానమ్మగారు విన్నది ఒకప్పుడు నిజమే. పంది ఇన్సులిన్‌కు, మన ఇన్సులిన్‌కు తేడా ఒక్క అమైనో ఆమ్లం. ఆవుదానికి మూడు. అంత దగ్గరగా ఉండబట్టే అది మనుషుల్లో పనిచేసింది. కానీ కొందరికి అలర్జీలు వచ్చేవి. పైగా కొద్దిపాటి ఇన్సులిన్ కోసం టన్నుల కొద్దీ క్లోమాలు కావాల్సి వచ్చేది. రోగులు పెరుగుతుంటే కబేళాల మీద ఎన్నాళ్లు ఆధారపడగలం? మనిషి ఇన్సులిన్‌నే జంతువు లేకుండా తయారుచేయలేమా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది.

కత్తెర, జిగురు, బండి

బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా జీవులన్నీ దాదాపు ఒకే జన్యు భాషను చదువుతాయి. మన వంటల పేజీని ఇంకో ఊరి వంటగదిలో పెట్టినా, అక్కడి వంటమనిషికి తెలుగు వస్తే అదే ఆవకాయ వస్తుంది. ఈ టెక్నాలజీకి మూలం ఇదే. ఇక పనిముట్లు చూద్దాం.

కత్తెర: బ్యాక్టీరియాకు కూడా వైరస్‌ల బెడద ఉంటుంది. లోపలికి వచ్చిన వైరస్ డీఎన్ఏను ముక్కలు చేయడానికి అది కొన్ని ఎంజైమ్‌లను వాడుతుంది. వీటినే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు అంటారు. వీటి మీద పరిశోధనకు ఆర్బర్, నాథన్స్, స్మిత్‌లకు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కత్తెరలు ఎక్కడ పడితే అక్కడ కోయవు. 'ఈకో ఆర్ వన్' అనే ఎంజైమ్ 'జీ ఏ ఏ టీ టీ సీ' అన్న వరుస కనిపించిన చోటే, జీకీ ఏకీ మధ్య కోస్తుంది. ఈ వరుసలో ఒక తమాషా ఉంది. మన 'వికటకవి'ని ఎటు నుంచి చదివినా వికటకవే కదా. ఇక్కడ ఒక పేటను ఎడమ నుంచి, ఎదుటి పేటను కుడి నుంచి చదివితే రెండూ ఒకేలా ఉంటాయి. దీన్ని పాలిండ్రోమ్ అంటారు. రెండు పేటలూ ఒకే చోట కాకుండా కాస్త ఎడంగా తెగడం వల్ల చివర్లలో చిన్న తోకలు మిగులుతాయి. అదే కత్తెరతో కోసిన ఇంకే ముక్క అయినా ఈ తోకకు సరిగ్గా సరిపోతుంది.

జిగురు: ఆ తోకలు కలిశాక అతుకును గట్టి చేసే ఎంజైమ్ పేరు లైగేజ్.

బండి: అతికించిన జన్యువును బ్యాక్టీరియా లోపలికి తీసుకెళ్లడానికి ఒక వాహనం కావాలి. అదే ప్లాస్మిడ్. బ్యాక్టీరియాలో అసలు క్రోమోజోమ్‌తో పాటు విడిగా తిరిగే చిన్న గుండ్రటి డీఎన్ఏ ఇది.

హాల్ టికెట్: లక్షల బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ ఎక్కింది కొన్నింటికే. వాటిని ఎలా కనిపెట్టాలి? ప్లాస్మిడ్ మీద ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా ఉంచుతారు. తర్వాత అన్నింటినీ ఆ యాంటీబయాటిక్ ఉన్న ప్లేట్ మీద పెంచుతారు. హాల్ టికెట్ లేని వాళ్లను గేటు దగ్గరే ఆపినట్టు, ప్లాస్మిడ్ లేనివి అక్కడే చనిపోతాయి. ఉన్నవి బతుకుతాయి.

తోడు: చెంచాడు పెరుగు రాత్రికి గిన్నెడు పాలను తోడు పెట్టినట్టే, మిగిలిన పని సంఖ్యది. ఈ.కోలై బ్యాక్టీరియాకు అనుకూల పరిస్థితులు ఉంటే సుమారు 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. లెక్క ప్రకారం ఒకటి పది గంటల్లో వంద కోట్లు దాటుతుంది. ప్రతి కణంలోనూ మన పేజీ కాపీ అవుతూనే ఉంటుంది.

1972లో పాల్ బెర్గ్ రెండు వేర్వేరు డీఎన్ఏలను మొదటిసారి కలిపి చూపించారు. 1973లో కోహెన్, బోయర్ అలా కలిపిన ప్లాస్మిడ్‌ను బ్యాక్టీరియాలో పెంచి చూపించారు. బోయర్ భాగస్వామిగా 1976లో మొదలైన జెనెన్‌టెక్ కంపెనీ శాస్త్రవేత్తలు, సిటీ ఆఫ్ హోప్ పరిశోధకులతో కలిసి 1978లో ఈ.కోలైలో మనిషి ఇన్సులిన్ తయారుచేశారు.

ఇక్కడ ఒక తెలివైన మలుపు ఉంది. మన ఇన్సులిన్ జన్యువు మధ్యలో ప్రొటీన్‌కు పనికిరాని భాగాలు, అంటే ఇంట్రాన్లు ఉంటాయి. మన కణాలు వాటిని కత్తిరించి చదువుకుంటాయి. బ్యాక్టీరియాకు ఆ పని రాదు. అందుకని వాళ్లు మనిషి జన్యువును నేరుగా తీసుకోకుండా, కావలసిన అక్షరాల వరుసను ల్యాబ్‌లో రసాయనికంగా తయారుచేశారు. ఇన్సులిన్‌లో రెండు గొలుసులు ఉంటాయి. ఏ గొలుసులో 21, బీ గొలుసులో 30, మొత్తం 51 అమైనో ఆమ్లాలు. ఒక్కో అమైనో ఆమ్లానికి మూడు అక్షరాల చొప్పున గొలుసులకు కావలసినవి 153 అక్షరాలే. రెండు గొలుసులను వేర్వేరు బ్యాక్టీరియాలో తయారుచేసి, శుద్ధి చేసి, డైసల్ఫైడ్ బంధాలతో కలిపారు. ఎలై లిల్లీ కంపెనీ దీన్ని మందుగా తీసుకొచ్చింది. 1982 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. రీకాంబినెంట్ పద్ధతిలో తయారై మనుషుల వాడకానికి అనుమతి పొందిన మొదటి మందు ఇదే. మన దేశంలో 2004లో బెంగళూరులోని బయోకాన్ ఈస్ట్‌లో తయారుచేసిన మనిషి ఇన్సులిన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది.

బాబు ప్రశ్నకు జవాబు

ఇంతదాకా చదివారు కాబట్టి జవాబు మీరే చెప్పగలరు. పెన్‌లో ఉన్నది ఆవకాయ, కొలతల పేజీ కాదు. అంటే ప్రొటీన్. బ్యాక్టీరియాను, ఈస్ట్‌ను, వాటి డీఎన్ఏను వేరుచేసి, ఇన్సులిన్‌ను శుద్ధి చేశాకే సీసాలో నింపుతారు. ఇన్సులిన్‌కు మన జీనోమ్‌లో అక్షరాలు మార్చే శక్తి లేదు. కాబట్టి జీన్స్ మారవు.

"మరి మాత్రగా ఎందుకు ఇవ్వరు మేడమ్?" అని అతను అడిగిన రెండో ప్రశ్నకు కూడా జవాబు అదే. అది ప్రొటీన్ కాబట్టి పప్పును అరిగించినట్టే మన కడుపు దాన్ని కూడా అరిగించేస్తుంది. అందుకే చర్మం కింద ఇంజెక్షన్.

"మొదలుపెడితే అలవాటైపోతుంది" అన్న మాట కూడా వింటుంటాం. టైప్-1 ఉన్న బిడ్డకు ఇన్సులిన్ అలవాటు కాదు, అవసరం. డాక్టర్‌ను అడగకుండా ఆపడం, చెట్టుమందు కోసం మానేయడం ప్రాణాల మీదికి తెస్తుంది.

మీ ఇంటి టీకా కార్డులో ఇంకో ఉదాహరణ

మీ పిల్లల టీకా కార్డు ఒకసారి తీయండి. పుట్టిన 24 గంటల్లో వేయాల్సిన టీకాల్లో హెపటైటిస్-బి ఉంటుంది. ఈ వైరస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మొదట్లో ఈ టీకాను వైరస్ సోకినవాళ్ల రక్తంలోని ప్లాస్మా నుంచి తయారుచేసేవారు. 1986లో రీకాంబినెంట్ టీకా వచ్చింది. వైరస్ పైపొరలోని ఒక్క ప్రొటీన్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి, ఆ ప్రొటీన్‌ను మాత్రమే తీసి టీకాగా వాడతారు. ఇందులో వైరస్ ఉండదు కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు వచ్చే అవకాశం లేదు. శరీరం మాత్రం శత్రువు ముఖాన్ని ముందే గుర్తుపెట్టుకుంటుంది.

దిగుమతి చేసుకున్న టీకా ధర ఒకప్పుడు మన మధ్యతరగతికి కూడా భారమే. ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ అయిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ వేదికలుగా మొదలైన ఆ కృషితో 1997 ఆగస్టులో షాన్‌వ్యాక్-బి విడుదలైంది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా అది. దాని రాకతో టీకా ధర బాగా తగ్గింది. "ఇవన్నీ అమెరికాలోనే జరుగుతాయి" అనుకునే పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పండి.

అయితే ఇందులో ఏ ప్రమాదమూ లేదా?

ఈ ప్రశ్న ముందుగా అడిగింది శాస్త్రవేత్తలే. 1975లో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమై, ఏ ప్రయోగాలు ఎంత జాగ్రత్తగా చేయాలో నియమాలు రాసుకున్నారు. పొలాల్లోకి వచ్చే పంటల విషయంలో చర్చ వేరు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. బీటీ వంకాయకు మాత్రం 2010లో కేంద్ర ప్రభుత్వం విరామం ప్రకటించింది. మూసి ఉన్న ట్యాంకులో తయారై శుద్ధి అయిన మందు ఒకటి, ఆరుబయట గాలికి, తేనెటీగలకు అందుబాటులో పెరిగే పంట ఇంకొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టకుండా, దేనికది పరీక్షించి చూడాలని పిల్లలకు నేర్పడమే సైన్స్ చదువు.

ఇంట్లో చేసి చూడండి

కాగితం ప్రయోగం: రెండు రంగుల కాగితపు పట్టీలు తీసుకోండి. ప్రతి పట్టీ మీద రెండు వరుసలుగా అక్షరాలు రాయాలి. పై వరుసలో మధ్యలో జీ ఏ ఏ టీ టీ సీ, దాని కింద సీ టీ టీ ఏ ఏ జీ వచ్చేలా చూడండి. అటూఇటూ ఏ అక్షరాలైనా సరే, జంటలు కుదిరితే చాలు. పై వరుసలో మొదటి జీ తర్వాత, కింది వరుసలో చివరి జీ ముందు మెట్టులా కత్తిరించండి. ఒక రంగు ముక్కను రెండో రంగు ముక్కతో అతికించండి. అంతే, మీ డైనింగ్ టేబుల్ మీద రీకాంబినెంట్ డీఎన్ఏ సిద్ధం. మా అనుభవంలో ఇలా ఒక్కసారి కోసిన పిల్లలు ఆ ప్రశ్నలో మార్కులు పోగొట్టుకోరు.

అరటిపండు ప్రయోగం: సగం అరటిపండును మెత్తగా చేసి, అర గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. పది నిమిషాలు ఆగి గుడ్డలో వడకట్టండి. బాగా చల్లబరిచిన సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంట మెల్లగా పోయండి. రెండు పొరల మధ్య తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తాయి. వాటిలో ఉన్నది అరటిపండు డీఎన్ఏ, దాంతో పాటు కొన్ని ఇతర పదార్థాలు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి. స్పిరిట్‌ను స్టవ్ దగ్గరకు తీసుకెళ్లవద్దు. ఆ గ్లాసులోది ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం

మీ బిడ్డకు డయాబెటిస్ ఉంటే దాచకండి. క్లాస్ టీచర్‌కు రాసి ఇవ్వండి. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఎండాకాలం బస్సులో, కారులో వదిలేయకూడదు. బ్యాగులో గ్లూకోజ్ లేదా చక్కెర పెట్టి పంపండి.

మీ బిడ్డకు డయాబెటిస్ లేకపోయినా ఈ రెండు మాటలు నేర్పండి. పక్కనున్న స్నేహితుడికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే రక్తంలో చక్కెర పడిపోయిందేమో. వెంటనే టీచర్‌ను పిలవాలి. స్పృహలో ఉంటే గ్లూకోజ్ లేదా చక్కెర ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో తెల్లకాగితం మీద కత్తెర, జిగురు, బండి బొమ్మలు గీసి ఇదంతా బాబుకు చెప్పాను. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇన్సులిన్ వేసుకుని, లంచ్‌కు వెళ్లాడు. మర్నాడు వచ్చి, "నానమ్మకు చూపించాను మేడమ్. పందిది కాదంటే సరే అంది. కానీ ఈస్ట్ అంటే ఏంటని అడిగింది" అన్నాడు. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు అందులో పనిచేసే సూక్ష్మజీవుల్లో అదీ ఉంటుందని చెప్పమన్నాను.

ఫోన్ చేసిన పేరెంట్ కూడా తర్వాత స్కూలుకు వచ్చి మాట్లాడారు. ఆ ఇద్దరు పిల్లలూ ఇప్పుడు ఒకే బెంచీలో కూర్చుంటున్నారు.